సాధువు అడుగుపెట్టని దేశాల్లో జైన ఆలయాలు

1893లో షికాగో విశ్వమత మహాసభకు రమ్మని జైనుల తరఫున ఆహ్వానం అందుకున్నది ఆచార్య విజయానందసూరి. ఆత్మారాంజీ అన్న పేరుతో ఉత్తరాదిన అందరికీ తెలిసిన మహాపండితుడు. ఆయన వెళ్లలేదు. జైన ముని ఓడ ఎక్కకూడదు. తన బదులు ఒక గృహస్థుణ్ణి, గుజరాత్‌లోని మహువాకు చెందిన వీర్‌చంద్ రాఘవ్‌జీ గాంధీని తయారుచేసి పంపారు. వీర్‌చంద్‌కు అప్పటికి 29 ఏళ్లు. వివేకానందుడు మాట్లాడిన సభలోనే ఆయనా జైన ధర్మం గురించి మాట్లాడి, ఆ తర్వాత అమెరికా ఊళ్లలో తిరిగి ఉపన్యాసాలిచ్చారు. తిరిగొచ్చాక సముద్రం దాటినందుకు సొంతవాళ్లలోనే కొందరు ఛాందసులు తప్పుపట్టారు. 1901లో, 37వ ఏట కన్నుమూశారు.

ముని గట్టు మీదే నిలబడిపోయి, శ్రావకుడు, అంటే గృహస్థు, ఓడెక్కిన ఆ సన్నివేశం ఆ తర్వాత నూరేళ్ల జైన వలసలన్నిటికీ నమూనా. ఆఫ్రికాలో, ఐరోపాలో, అమెరికాలో, జపాన్‌లో ఇవాళ కనిపించే జైన మందిరాలు ఎందుకంత బలంగా లేచాయో, వాటిలో కొన్ని మన దేశంలో ఎక్కడా కనిపించని రూపం ఎందుకు తీసుకున్నాయో తెలుసుకోవాలంటే ఈ ఒక్క నియమం దగ్గరే మొదలుపెట్టాలి.

జైన సాధు సాధ్వులకు ప్రయాణమంటే కాలినడకే. దాన్నే విహారం అంటారు. బండి చక్రం కింద ఎన్ని ప్రాణాలు నలుగుతాయో లెక్కలేదు కాబట్టి వాహనం నిషిద్ధం. ముందున్న నేల చూసుకుంటూ అడుగెయ్యాలి. వంట చేసుకోకూడదు, డబ్బు ముట్టకూడదు, నాలుగిళ్లలో కొంచెం కొంచెం అడిగి తెచ్చుకున్న గోచరితోనే కడుపు నింపుకోవాలి. వానాకాలం నాలుగు నెలలు ఒకేచోట ఉండాలి. తెల్లవారుజామున విజయవాడ, గుంటూరు మధ్య హైవే పక్కన తెల్లబట్టల్లో, చెప్పుల్లేని కాళ్లతో నడిచిపోయే సాధ్వులను చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. రాజస్థాన్‌లోని పాలీ, జాలోర్, సిరోహి ప్రాంతాల నుంచి వచ్చి మన ఊళ్లలో బంగారం, బట్టలు, తాకట్టు వ్యాపారాల్లో స్థిరపడిన జైన కుటుంబాలూ వలసవచ్చినవే. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జైనులు సుమారు 54 వేలు. అయితే వీళ్ల దగ్గరికి మునులు నడిచి రాగలరు. ఎంత దూరమైనా కాలిబాట ఉంది. ప్రతి ఊళ్లో చాతుర్మాస్యం ఎవరిదన్న కబురు ముందే వస్తుంది, మునులు బసచేసే ఉపాశ్రయంలో ప్రవచనం జరుగుతుంది. వలస వచ్చినా గురువు తెగిపోలేదు.

సముద్రం దాటినవాళ్లకు ఆ దారి తెగిపోయింది.

జైన సంఘమంటే సంప్రదాయంలో నాలుగు అంగాలు: సాధువు, సాధ్వి, శ్రావకుడు, శ్రావిక. మొదటి రెండూ లేని చోట సంఘం సగమే మిగులుతుంది. సామాన్యుడికి ఉపవాసం ఇప్పించేది, ఆ వ్రతం ఎలా విరమించాలో చెప్పేది, తప్పు చేశాక ప్రాయశ్చిత్తం నిర్ణయించేది మునే. అటువంటి ధర్మం మునిలేని చోట వందేళ్లు నిలబడడం మామూలు సంగతి కాదు. నిలబెట్టింది గుడి. దానికి కారణం జైన పూజలోనే ఉంది. జైనుల రెండు ప్రధాన శాఖల్లో ఒకటైన శ్వేతాంబరుల మందిరంలో విగ్రహానికి అభిషేకం చేసి, నవాంగాలకు చందనం బొట్టు పెట్టేది శ్రావకుడే, తన చేత్తోనే. స్నానం చేసి, పూజ బట్టలు కట్టుకుని, నోటికి గుడ్డ అడ్డుకుని లోపలికి వెళ్తాడు. జీతానికి పూజారి ఉంటాడు కానీ అతను సహాయకుడే, భక్తుడికీ తీర్థంకరుడికీ నడుమ మధ్యవర్తి కాడు. వైష్ణవాలయానికి దీక్ష పొందిన అర్చకుడు కావాలి, ఆయన విమానమెక్కవచ్చు. 1970ల్లో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరుడి గుడి కట్టినప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానం అండ దొరికింది, అర్చకులూ దొరికారు. జైనులకు గురువు దొరకలేదు. అయితే గురువు లేకుండా నడిచే పూజ వాళ్ల చేతిలో ముందునుంచే ఉంది.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. విగ్రహానికి ప్రాణం పోసే అంజనశలాక ఆచార్యుడి చేతిమీదుగా జరగాలి. అందుకే విదేశీ మందిరాల విగ్రహాలకు చాలావరకు ఆ విధి భారతదేశంలోనే పూర్తిచేసి, తర్వాత పంపుతారు. ముహూర్తం ఇక్కడి ఆచార్యుడు పెడతాడు, అక్కడ పీఠం మీద కూర్చోబెట్టే ప్రతిష్ఠను విధులు తెలిసిన గృహస్థులు జరిపిస్తారు. ఒకసారి అంజనశలాక అయిన విగ్రహానికి రోజూ పూజ తప్పకూడదు, తప్పితే దోషం. పదిమంది కూడా లేని ఊళ్లో ఇది పెద్ద బరువు. చాలా సంఘాలు ఏళ్లతరబడి పటాలతో, ప్రతిష్ఠ చేయని చిన్న విగ్రహాలతో సరిపెట్టుకున్నది ఈ భయంతోనే.

దుకాణం నుంచి దేరాసర్ దాకా

తూర్పు ఆఫ్రికా కథ కరువుతో మొదలైంది. విక్రమశకం 1956, అంటే క్రీస్తుశకం 1899-1900లో గుజరాత్, రాజస్థాన్‌లను ఊడ్చిపెట్టిన కరువును ఇప్పటికీ ఛప్పనియా అని పిలుస్తారు. జామ్‌నగర్ చుట్టూ ఉన్న హాలార్ ప్రాంతంలో 52 గ్రామాల్లో విస్తరించిన విశా ఓస్వాల్ జైనులు అప్పటికి ప్రధానంగా రైతులు. వ్యాపారంలో పుట్టినవాళ్లు కారు. బ్రిటిష్ వాళ్లు మొంబాసా నుంచి లోపలికి రైలుమార్గం వేస్తున్న కాలంలో వీళ్ల కుర్రాళ్లు పడవలెక్కి కెన్యా చేరారు. రైలు వేసిన కూలీల్లో ఎక్కువమంది పంజాబ్ వాళ్లు. ఓస్వాలులు ఆ పట్టాల వెంట, ఆ తర్వాత పట్టాలు లేని ఊళ్లలోకి కూడా వెళ్లి కొట్లు పెట్టారు. ఉప్పు, చక్కెర, బట్ట, కిరసనాయిలు అమ్మే ఆ చిన్న కొట్టును స్వాహిలీలో దుకా అంటారు. మన దుకాణానికీ దానికీ మూలం ఒకే అరబ్బీ మాట. ముందు వచ్చినవాడు తన కొట్లో ఊరివాణ్ణి పనికి పెట్టుకుని, పని నేర్చుకున్నాక కొంత సరుకు అరువిచ్చి పక్క ఊళ్లో కొట్టు పెట్టించేవాడు. పదేళ్లు తిరిగేసరికి ఆ రెండోవాడు ఇంకొకణ్ణి పిలిపించుకునేవాడు. ఆ 52 గ్రామాల జనం కెన్యాలో ఒకే సంఘంగా కుదురుకున్నది ఇలాగే.

కొట్టు తర్వాత బడి వచ్చింది, బడి తర్వాత గుడి, గుజరాతీ జైనుల మాటల్లో దేరాసర్. మొంబాసాలో శిఖరంతో, పాలరాతితో లేచిన పార్శ్వనాథ మందిరం 1963 నాటిది. భారత ఉపఖండానికి బయట పూర్తి సంప్రదాయ పద్ధతిలో కట్టిన తొలి జైన మందిరాల్లో ఒకటిగా దాన్ని చెప్పుకుంటారు. ఆ ఏడాది డిసెంబరులోనే కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చింది. ఇక్కడే తరతరాలు ఉంటామన్న నమ్మకం లేకపోతే ఎవరూ రాతితో కట్టరు. ఆ నమ్మకం అయిదేళ్లు తిరగకుండానే కదిలిపోయింది. కెన్యా పౌరసత్వం తీసుకోకుండా బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంచుకున్నవాళ్ల ఉద్యోగాలకు, వ్యాపార లైసెన్సులకు 1967లో కొత్త చట్టాలు అడ్డుపడ్డాయి. వాళ్లు లండన్ బయలుదేరితే, 1968లో బ్రిటన్ హడావుడిగా చట్టం చేసి తలుపు సగం మూసింది. 1972 ఆగస్టులో ఉగాండా పాలకుడు ఇదీ అమీన్ 90 రోజుల గడువిచ్చి ఆసియా వాళ్లను వెళ్లగొట్టాడు. బ్రిటన్ చేరినవాళ్లు సుమారు 28 వేలమంది. వాళ్లలో జైనులు చిన్న భాగమే. బ్రిటన్ జైనుల్లో ఎక్కువమంది కెన్యా నుంచి వచ్చిన ఓస్వాలులు.

ఈ చరిత్రలో లెస్టర్ నగరం పేరు ప్రత్యేకంగా తలచుకోవాలి. దయచేసి మా ఊరికి రావద్దంటూ 1972లో ఆ నగర కౌన్సిల్ ఉగాండా పత్రికలో ప్రకటన వేయించింది. రానే వచ్చారు. పదహారేళ్ల తర్వాత, 1988లో, అదే ఊళ్లో పాత క్రైస్తవ చర్చి భవనాన్ని మార్చి కట్టిన జైన మందిరంలో ప్రతిష్ఠ జరిగింది. బయట తెల్ల పాలరాతి ముఖద్వారం, లోపల జైసల్మేర్ పసుపు రాతి స్తంభాల మీద చెక్కడపు పని. కిటికీల రంగుటద్దాల మీద మహావీరుడి జీవిత ఘట్టాలు. చర్చి శిల్పానికే చెందిన ఈ రంగుటద్దాల కళను తీసి పారెయ్యకుండా అందులో తమ కథ చెప్పుకోవడం గొప్ప ఆలోచన.

అంతకంటే పెద్ద సంగతి ఆ కప్పు కింద ఎవరెవరున్నారన్నది. శ్వేతాంబర మందిరం, దిగంబర మందిరం, విగ్రహారాధన చేయని స్థానకవాసుల ఉపాశ్రయం, గుజరాతీ జైన తత్త్వవేత్త శ్రీమద్ రాజచంద్ర అనుయాయుల గది, అన్నీ ఒకే భవనంలో. మన దేశంలో ఇటువంటిది ఊహించడం కష్టం. మహారాష్ట్రలోని శిర్‌పూర్ అంతరిక్ష పార్శ్వనాథ ఆలయం శ్వేతాంబర, దిగంబర శాఖల తగువు వల్ల 1981 నుంచి తాళంపడి, సుప్రీంకోర్టు తీర్పుతో 2023లో గానీ తెరుచుకోలేదు. ఒకే విగ్రహం కోసం నలభై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన ఆ కాలంలోనే, అవే రెండు శాఖలవాళ్లు లెస్టర్‌లో ఒకే గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వెళ్తున్నారు.

లండన్ ఓస్వాలులు మాత్రం తమ సంఘానికి తాము విడిగా కట్టుకున్నారు. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో పాటర్స్ బార్ దగ్గర దాదాపు 80 ఎకరాల స్థలం కొని, ముందు పెళ్లిళ్లకు, సభలకు హాళ్లు కట్టి, 2005లో దేరాసర్‌లో ప్రతిష్ఠ చేశారు. స్థలం కొన్నాక దేవుడు రావడానికి పాతికేళ్లు పట్టింది. ఇంగ్లండ్, వేల్స్ జనగణన పత్రంలో జైనులకు విడిగా గడి లేదు, చేత్తో రాసి చెప్పాలి. 2021లో అలా రాసినవాళ్లు సుమారు 25 వేలు. గడిలేని జనానికి ఆ శిఖరమే చిరునామా.

వజ్రాల వీధి, ముత్యాల ఊరు

ఆంట్వెర్ప్ దారి వేరు. బెల్జియంలోని ఆ ఊరి వజ్రాల వీధికి 1960ల నుంచి వచ్చినవాళ్లు ఉత్తర గుజరాత్‌లోని పాలన్‌పూర్ జైనులు. అంతవరకు అక్కడి వ్యాపారం ప్రధానంగా యూదులది. ఐరోపా కూలి రేట్లకు సాన పట్టిస్తే గిట్టుబాటు కాని చిన్న చిన్న రాళ్లను పాలన్‌పూరీలు కొని సూరత్‌కు పంపి, అక్కడ తక్కువ ఖర్చుతో సానబెట్టించి తిరిగి అమ్మారు. చిన్నరాయితో మొదలై ఇప్పుడు ఆ ఊరి వజ్రాల వ్యాపారంలో సగానికి పైగా భారతీయుల చేతికొచ్చింది. ప్రపంచంలో సానపట్టే ప్రతి పది వజ్రాల్లో తొమ్మిది సూరత్ మీదుగా వస్తున్నాయంటే దాని వెనుక ఈ జంట ఊళ్ల ముడి ఉంది. ఈ వ్యాపారం మాట మీద నడుస్తుంది, లక్షల విలువైన పొట్లం చీటీ లేకుండా చేతులు మారుతుంది. పరువు పోతే వ్యాపారం పోయినట్టే. అందుకే ఒకే ఊరు, ఒకే కులం, ఒకే గుడి అన్నది అక్కడ భక్తి ఒక్కటే కాదు, పూచీకత్తు కూడా. ఆంట్వెర్ప్‌లోని విల్రైక్‌లో 2010లో ప్రతిష్ఠ జరిగిన పాలరాతి పార్శ్వనాథ మందిరాన్ని మన దేశంలో చెక్కించి, రాయిరాయిగా ఓడల్లో తరలించి అక్కడ పేర్చారు. కొన్ని వందల కుటుంబాల సంఘం కట్టుకున్న గుడి అది.

ఈ రాతి ప్రయాణం గురించి రెండు మాటలు చెప్పాలి. ఇటువంటి మందిరాల నమూనాలు గీసేది సోంపురా శిల్పి కుటుంబాలు. చెక్కడం రాజస్థాన్ సిరోహి జిల్లాలోని పిండ్వాడా వంటి చోట్ల జరుగుతుంది. ప్రతి రాయికీ నంబరు వేసి పెట్టెల్లో సర్దుతారు. ఇనుము తుప్పుపట్టి రాయిని చీలుస్తుందని సంప్రదాయ నిర్మాణంలో దాన్ని వాడరు. కానీ ఐరోపా, అమెరికా భవన నిబంధనలు భూకంపానికి, మంచు బరువుకు, నిప్పు భయానికి లెక్కలడుగుతాయి. శిల్పశాస్త్రానికీ పురపాలక ఇంజనీరుకూ నడుమ రాజీ కుదిర్చి కట్టడం చిన్న పని కాదు. అది సాధించిన కార్యకర్తలకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

జపాన్‌లోని కోబేలో కథ ముత్యాలది. జపాన్ ముత్యాల వ్యాపారానికి కేంద్రమైన ఆ రేవుపట్నంలో స్థిరపడిన కొద్ది జైన కుటుంబాలు 1985లో కితానో వీధుల్లో తెల్లరాతితో మహావీరస్వామి మందిరం కట్టించాయి. చుట్టూ పాత విదేశీ వర్తకుల బంగళాలు, మధ్యలో ఈ శిఖరం.

అమెరికాలో డాక్టర్లు, ఇంజనీర్ల సంఘం

1965 వలస చట్టం తర్వాత అమెరికా వెళ్లిన జైనులు దుకాణదారులు కారు, చదువుకున్నవాళ్లు. ఒక ఊరినుంచి గుంపుగా వెళ్లలేదు. గుజరాతీ శ్వేతాంబరుడి పక్కన బుందేల్‌ఖండ్ దిగంబరుడు, అతని పక్కన విగ్రహపూజ లేని మరో శాఖ తేరాపంథ్‌కు చెందిన మార్వాడీ, ఎక్కడో ఒక కన్నడ జైనుడు. ఊరికి పాతిక కుటుంబాలుంటే శాఖకొక గుడి కట్టడం కలలోమాట. కాబట్టి కలిశారు. బోస్టన్ దగ్గర నార్‌వుడ్‌లో స్వీడిష్ లూథరన్‌ల పాత చర్చిని 1981లో కొని అమెరికాలో తొలి జైన మందిరాల్లో ఒకటిగా చేసుకున్నారు. అదే సంవత్సరం అక్కడి కేంద్రాలన్నీ కలిసి జైనా అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి.

కలవడమంటే ఇబ్బందులతోనే. శ్వేతాంబర విగ్రహానికి తెరిచిన కళ్లు అమర్చి ఉంటాయి, ఆభరణాలు ఉంటాయి. దిగంబర విగ్రహం దిసమొలతో, అరమూసిన చూపుతో, ఏ అలంకారమూ లేకుండా ఉంటుంది. ఒకరి పూజ ఇంకొకరికి సమ్మతం కాదు. చాలా కేంద్రాల్లో రెండు రకాల విగ్రహాలనూ ఒకే హాల్లో పక్కపక్కన నిలిపారు. శ్వేతాంబరుల ఎనిమిది రోజుల పర్యూషణం ముగియగానే దిగంబరుల పది రోజుల దశలక్షణ పర్వం మొదలవుతుంది కాబట్టి, రెంటినీ కలిపి పద్దెనిమిది రోజుల పండగగా చేసుకునే అలవాటు అక్కడ ఏర్పడింది. న్యూయార్క్ ఎల్మ్‌హర్స్ట్‌లో 2005లో తెరిచిన కేంద్రం మరో దారి పట్టింది. స్థలం తక్కువ, శాఖలు ఎక్కువ. మహావీర మందిరం, ఆదినాథ మందిరం, స్థానకవాసుల గది, దాదాగురువులను కొలిచే దాదావాడి, రాజచంద్ర మందిరం అంతస్తులవారీగా పేర్చుకున్నారు. మెట్లెక్కితే శాఖ మారుతుంది, లెక్కల పుస్తకం మాత్రం ఒకటే.

ఈ ఐక్యతను చూసి తత్త్వం గెలిచిందని మురిసిపోవడం తొందరపాటు. దీన్ని తెచ్చింది ముందుగా జనాభా లెక్క. ఒకే కులం, ఒకే డబ్బు ఉన్న ఆంట్వెర్ప్, పాటర్స్ బార్ సంఘాలు తమ సంప్రదాయంలోనే ఉండిపోయాయి. చెల్లాచెదురుగా ఉన్నవాళ్లు కలిశారు. మునుల ప్రభావం కూడా ఇందులో ఉంది. శాఖల నడుమ గీతలు గట్టిగా ఉంచేది ఆయా గచ్ఛాల, అంటే ముని పరంపరల, సంప్రదాయాల ఆచార్యులే. గీత గీసే గురువు దూరమయ్యాక శ్రావకులు తమలో తాము సర్దుకున్నారు. అయినా ఆ సర్దుబాటు అక్కడ పుట్టిపెరిగిన పిల్లలకు సహజమైపోయింది. శ్వేతాంబరమా, దిగంబరమా అని అడిగితే జైనం అని జవాబిచ్చే తరం వచ్చింది. అవసరం తెచ్చినదైనా అది మంచి మార్పే.

నియమం దాటినవాళ్లూ ఉన్నారు. చిత్రభాను 1970లో ముని వేషంలోనే జెనీవా సభకు విమానంలో వెళ్లారు. ముంబయిలో పెద్ద నిరసన రేగింది. ఆ తర్వాత ఆయన మునిత్వం వదిలి న్యూయార్క్‌లో ధ్యానకేంద్రం నడిపారు. స్థానకవాసి ముని సుశీల్‌కుమార్ 1975లో అమెరికా చేరారు, దీక్ష వదల్లేదు. న్యూజెర్సీలోని బ్లెయిర్స్‌టౌన్‌లో వంద ఎకరాలకు పైబడిన అడవిలో 1983లో సిద్ధాచలం తీర్థాన్ని స్థాపించారు. విగ్రహాలను పూజించని శాఖలో దీక్ష తీసుకున్న మనిషి అక్కడ విగ్రహాలతో మందిరం కట్టించడాన్ని గమనించాలి. గుడి లేకుండా అక్కడి శ్రావకులు నిలవరని ఆయనకు అర్థమైనట్టుంది. తేరాపంథ్ ఆచార్య తులసి ఇంకో మార్గం కనిపెట్టారు. 1980లో గృహస్థుకూ మునికీ మధ్య సమణ, సమణి అనే కొత్త దీక్షను ఏర్పరిచారు. వాళ్లు బ్రహ్మచర్యం, అపరిగ్రహం పాటిస్తారు, వాహనం మాత్రం ఎక్కవచ్చు. ఇవాళ విదేశీ కేంద్రాల్లో జైన సిద్ధాంతం బోధించే తెల్లచీరల సమణీలు ఆ నిర్ణయం ఫలమే. ఈ మూడింటిలో నియమాన్ని తెంచకుండా దారి తెరిచినది ఆచార్య తులసి నిర్ణయమే.

గుడి ఉన్నంతమాత్రాన పిల్లలకు ధర్మం అబ్బదు. ఆదివారం పాఠశాల అందుకే ప్రతి కేంద్రానికీ గుండెకాయ. చేసిన తప్పులకు పశ్చాత్తాపపడే ప్రతిక్రమణ సూత్రాలు ప్రాకృతంలో ఉంటాయి, వాటిని ఆంగ్ల లిపిలో అచ్చువేసి పిల్లలతో పలికిస్తారు. అర్థం ఇంగ్లిష్‌లోనే చెప్పాలి. చెప్పేది అమ్మానాన్నలు. ముని ముందు మౌనంగా కూర్చోవడం అలవాటైన తరం, ప్రశ్నలడిగే పిల్లలకు జవాబులు వెతకాల్సి వచ్చింది. ఉల్లిపాయ, బంగాళాదుంప ఎందుకు తినకూడదన్న ప్రశ్న పాతదే. కొత్త ప్రశ్న పాలది. యంత్రాల డెయిరీలో దూడను తల్లినుంచి వేరు చేసి, పాలుడిగిన ఆవును కోతకు పంపే దేశంలో పాలు అహింస ఎలా అవుతాయని పిల్లలు అడిగారు. పెద్దల దగ్గర బలమైన జవాబు లేకపోయింది. కొన్ని కేంద్రాల్లో విందుల నుంచి పాలు, నెయ్యి తప్పించారు. విగ్రహాభిషేకంలో పాలు ఉండాలా అన్న చర్చ ఇప్పుడు గర్భగుడి దాకా వచ్చింది. శాస్త్రం చదువుకోని పిల్లలు శాస్త్రం మూలాన్నే పట్టుకున్నారు.

మనుషులు వెళ్లిపోయినా రాయి అక్కడే ఉంటుంది. రంగూన్ 29వ వీధిలో పాత జైన మందిరం ఉంది. బర్మాలో బియ్యం, బట్టలు, రత్నాల వ్యాపారం జోరుగా సాగిన రోజుల్లో గుజరాతీ, మార్వాడీ వర్తకులు కట్టుకున్నది. 1941 చివర్లో జపాన్ బాంబులు పడడం మొదలయ్యాక రంగూన్ నుంచి అడవుల వెంట నడిచొచ్చిన జనంలో మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలు వేలల్లో ఉన్నారు. వర్తకులూ అప్పుడే తరలారు. మిగిలినవాళ్లను 1960ల జాతీయీకరణ ఖాళీ చేయించింది. ఇప్పుడు అక్కడ జైనులు చాలా కొద్దిమంది. అంజనశలాక అయిన విగ్రహానికి రోజూ పూజ తప్పకూడదన్న నియమం అక్కడ ఎంత బరువో చెప్పనక్కర్లేదు. ఆంట్వెర్ప్ వజ్రాలు కూడా దుబాయ్ వైపు, ముంబయి వైపు జరుగుతున్నాయి. ప్రయోగశాలలో తయారయ్యే వజ్రాలు ధరలు పడగొట్టాయి. విల్రైక్ పెద్దలకు ఈ లెక్కలు తెలియనివి కావు.

మనుషులకంటే ముందే చేరిన గుడి కూడా ఒకటుంది. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు గుజరాత్‌లోని జైన తీర్థం పాలీతానా ఆలయం తీరులో చెక్కతో చేసిన మందిరాన్ని పంపారు. అప్పటికి అక్కడ దాన్ని గుడిగా గుర్తించే సంఘమే లేదు. ప్రదర్శన ముగిశాక అది చేతులు మారి, చివరికి లాస్ వేగాస్‌లో జూదశాల ఉన్న ఒక హోటల్ ఆవరణకు అలంకారమైంది. తర్వాత దక్షిణ కాలిఫోర్నియా జైనుల చేతికి వచ్చింది. ఇప్పుడు బ్యూనా పార్క్‌లోని జైన కేంద్రంలో ఉంది.